ముప్పై ఏడు గుర్రాల లెక్క
పాత జపాన్ కారు ఇంజన్‌కు బలం పెంచాలనుకునేవారి ముందున్న వాదనలు: ఒక సమీక్ష

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే జాతీయ రహదారికి పాత నంబరు 202, ఇప్పుడు 163. స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా పోయే ఈ దారి నాలుగు వరసలయ్యాక బండ్ల వేగం మారింది, బండ్లు మాత్రం అన్నీ మారలేదు. ఏపీ 36 పలకతో, అంటే తెలంగాణ ఏర్పడక ముందు వరంగల్ జిల్లాలో రిజిస్టరైన మారుతి 800లు, ఓమ్నీలు, జెన్లు, క్వాలిస్‌లు జనగామ, పాలకుర్తి, మహబూబాబాద్ దారుల్లో ఇంకా కనిపిస్తాయి. టీజీ 27 పలకలున్న కొత్త బండ్లు పక్కనుంచి దూసుకుపోతుంటే, పాతబండి నడిపేవాడికి పుట్టే ఆలోచన ఒకటే: దీని ఇంజన్‌కు ఇంకాస్త బలం పెంచలేమా?

జవాబులకు కొదవ లేదు. ఒక షెడ్డులో సైలెన్సర్ మార్చమంటారు, ఇంకో షెడ్డులో హెడ్డు గీయించమంటారు, మరోచోట ఎస్టీమ్ ఇంజన్ ఎక్కించేయమంటారు. అనుభవమున్న డ్రైవరును అడిగితే ‘ముందు కంప్రెషన్ చూపించు’ అంటాడు. ఈ మధ్య సీఎన్జీ, కరెంటు మోటారు మాటలూ వచ్చి చేరాయి. ఎవరి మాటలోనూ పూర్తి అబద్ధం లేదు, అందుకే కొత్తవాళ్లకు ఏదీ తేలదు. ఈ చిక్కంతా ఒకే చోట పడింది. తరిగిపోయిన బలాన్ని రాబట్టడం, లేని బలాన్ని కొత్తగా తేవడం అనే రెండు వేరువేరు పనులను ఒకే పేరుతో పిలుస్తున్నాం.

వాదన పుట్టిన తీరు

ఇంజన్ మార్చడం మన దేశంలో షెడ్డుల్లో పుట్టిన తెలివి కాదు, కంపెనీలే చేసి చూపించిన పని. 1985లో ప్రీమియర్ కంపెనీ 118ఎన్ఈ కారులో ఫియట్ 124 ఒంటికి నిస్సాన్ ఏ12 ఇంజన్ బిగించింది, 1,171 సీసీ. హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సాకు ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ తెచ్చింది, 1990ల మొదట్లో అదే ఇంజన్‌ను అంబాసిడర్‌లోనూ పెట్టింది. 1,489 సీసీ పాత ఇంజన్‌తో ఆయాసపడే అంబాసిడర్ 75 గుర్రాలతో (హార్స్‌పవర్‌తో) వేరే బండి అయిపోయింది. అయితే ఆ రెండు కంపెనీలూ ఇంజన్‌తోపాటు గేర్‌బాక్సునూ మార్చాయి. షెడ్డుల్లో ఈ కథ చెప్పుకొనేటప్పుడు ఆ రెండో సగం జారిపోతుంది.

మన ప్రాంతానికి జపాన్ ఇంజన్ కారుగానే కాదు, సరుకు బండిగానూ పరిచయం. 1980లలో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ తేలికపాటి లారీలు తయారు చేసింది, ఆ దశకం చివర్లో అది మహీంద్రా చేతికి వెళ్లింది. కానీ ఇంటింటి కారుగా వచ్చింది మాత్రం మారుతి 800. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు చేతులు మారాయి. 1986లో ఒళ్లు మారింది, ఇంజన్ కుటుంబం మారలేదు: ఎఫ్8బీ, మూడు సిలిండర్లు, 796 సీసీ, 37 గుర్రాలు. 2014 జనవరిలో తయారీ ఆగిపోయేదాకా దాదాపు ఆ ముప్పై ఏడే. నడుమ 2000 ప్రాంతంలో 12 వాల్వులు, 45 గుర్రాలు, ఐదు గేర్లతో ఒక రకం వచ్చి కొద్దికాలం ఉండి పోయింది.

ఇంత చిన్న ఇంజన్‌తో పందెం కార్లు కూడా చేశారు. కోయంబత్తూరు వాసి ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజన్‌తో ఒంటిసీటు పందెం కారు తయారు చేయించారు. ఫార్ములా మారుతి పోటీలు అలా మొదలయ్యాయి. నరేన్ కార్తికేయన్ తొలి అడుగులు ఆ కార్లలోనే. దక్షిణాదిలో ‘మారుతి ఇంజన్‌ను పిండితే బలం వస్తుంది’ అన్న నమ్మకానికి ఇదొక వేరు. ఇంకో వేరు జపాన్‌లో ఉంది. 1987లో సుజుకి ఆల్టో వర్క్స్ అనే బుల్లి కారు తెచ్చింది. మన ఎఫ్8బీకి తోబుట్టువైన 543 సీసీ ఇంజన్‌కు టర్బో పెట్టి 64 గుర్రాలు తీశారు. మూడింట రెండొంతుల పరిమాణంలో ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ బలం! ఈ అంకె విన్న కుర్రవాడికి 37 ఎక్కడ ఆనుతుంది?

2000 తర్వాత దారి రెండుగా చీలింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి దేశమంతటా పొగ నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి, కార్బొరేటర్ పోయి ఇంధన ఇంజెక్షన్ (ఎంపీఎఫ్ఐ) వచ్చింది. స్క్రూడ్రైవరుతో సరిచేసే పని కంప్యూటర్ పెట్టెలోకి వెళ్లింది. కొనేవాళ్ల కోరికా మారింది. 2000లో హోండా సిటీ వీటెక్ 106 గుర్రాలతో వస్తే, 2003లో దాని స్థానంలో వచ్చిన కొత్త సిటీ అదే 1.5 లీటర్లతో 77 గుర్రాలే ఇచ్చింది. బలం తగ్గిందని జనం దాన్ని వదిలేయలేదు, మైలేజీ చూసి కొన్నారు. పాత వీటెక్ కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారనుకోండి, అది వేరే మతం.

ఏ బండి గురించి మాట్లాడుతున్నాం?

సలహాలు తారుమారు కావడానికి సగం కారణం, ఒక బండికి చెప్పింది ఇంకో బండికి అంటించడం. 800, ఓమ్నీలది ఎఫ్8బీ. దానిది ఇనుప బ్లాకు, మొద్దు శరీరం, పాత కాలపు ఊపిరి. జెన్‌ది 993 సీసీ అల్యూమినియం ఇంజన్, దానికి తిరగడం ఇష్టం. ఎస్టీమ్, తర్వాతి జిప్సీలది 1,298 సీసీ జీ13 కుటుంబం. ఎస్టీమ్ తొలి రకానికి 65 గుర్రాలు, 16 వాల్వుల రకానికి 85. హోండా సిటీ పుట్టుకతోనే చురుకు, దానికి కొత్తగా ఇవ్వగలిగింది తక్కువ, పాడుచేయగలిగింది ఎక్కువ.

క్వాలిస్ వీటిలో చేరదు. 2000 నుంచి 2005 దాకా అమ్ముడైన ఆ బండిది 2.4 లీటర్ల డీజిల్, టర్బో లేదు, సుమారు 75 గుర్రాలు. పెళ్లి బృందాలనూ, నాయకుల వెంట కార్యకర్తలనూ మోసిన బండి. దాని బలం వేగంలో లేదు, ఓపికలో ఉంది. దానికి బలం పెంచమంటే చాలాచోట్ల ట్రాక్టరుకు చేసినట్టే చేస్తారు. డీజిల్ పంపు స్క్రూ తిప్పి నూనె ఎక్కువ పోయిస్తారు. నల్లపొగ చూసి ‘పికప్ వచ్చింది’ అని మురిసిపోతాం. ఆ పొగ కాలకుండా పోయిన డీజిలే. గాలి పెరగకుండా నూనె పెంచితే కొద్దిపాటి బలంతోపాటు పొగ గొట్టం వేడి, పిస్టన్ల మీద భారం వస్తాయి. తడి మడిలో రెండు గంటలు దున్నే ట్రాక్టరుకు సాగిన లెక్క, ఎండాకాలంలో రహదారి మీద నిండా జనంతో పోయే బండికి సాగదు.

మొదటి పక్షం: ముందు పోయిన బలం రాబట్టు

ఈ పక్షంవాళ్లు చెప్పేది వినడానికి చప్పగా ఉంటుంది. పాతికేళ్ల ఇంజన్ 37 గుర్రాలు ఇవ్వడం లేదు కదా, ముందు ఆ ముప్పై ఏడూ తెచ్చుకో, తర్వాత నలభై గురించి మాట్లాడదాం అంటారు.

వీళ్ల ఆయుధం కంప్రెషన్ గేజి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో పీడనం కొలుస్తారు. సుజుకి సర్వీసు లెక్కలో సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాటకూడదు. దాటితే రింగులో, వాల్వులో, హెడ్ గాస్కెట్టో పోయినట్టు. తక్కువ చూపిన సిలిండర్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే ఎక్కడ పోయిందో తెలుస్తుంది. పీడనం పెరిగితే లోపం రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వుల దగ్గర. ఐదు నిమిషాల ఈ పరీక్ష చేయకుండానే కార్బొరేటర్ విప్పి కడిగే షెడ్లు ఎన్నో.

తర్వాత వచ్చేవి వాల్వు సందులు, ఇగ్నిషన్ టైమింగ్, టైమింగ్ బెల్టు, పెట్రోలు పంపు, గాలి లీకులు. ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన జబ్బు ఇంకోటి ఉంది. ఇక్కడి బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తే లోపల గార కడుతుంది, నీటి దారులు ఇరుకవుతాయి. మే నెలలో బండి వేడెక్కితే చాలామంది థర్మోస్టాట్ పీకి పారేస్తారు. అప్పుడు ఇంజన్ మిగిలిన నెలల్లో కావలసిన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల తొందరగా అరుగుతుంది. గార ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈ పక్షం మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, కొత్తగా ఏమీ ఇవ్వదని. నిజమే. కానీ మిగతా అన్ని పక్షాలకూ ఇదే పునాది అన్న సంగతిని ప్రత్యర్థులు కూడా కాదనరు, దాటేస్తారంతే. అరిగిపోయిన రింగుల మీద కొత్త క్యామ్ పెట్టడం చిల్లుపడ్డ కుండకు రంగు వేయడమే.

రెండో పక్షం: గాలి, పీడనం, మంట

వీళ్లది భౌతికశాస్త్రం. ఇంజన్ బలం అంటే నిమిషానికి ఎంత గాలి మింగింది, దాన్ని ఎంత నొక్కింది, సరైన క్షణంలో ఎంత బాగా కాల్చింది అన్నదే. కాబట్టి హెడ్డులో గాలి దారులు నునుపు చేయించు, క్యామ్ మార్చు, హెడ్డు కొద్దిగా గీయించి కంప్రెషన్ పెంచు, సైలెన్సర్ దారి తెరువు అంటారు.

లెక్క వేసి చూస్తే ఫలితం ఎంత? 800 కంప్రెషన్ నిష్పత్తి 8.7. దాన్ని 10 దాకా తీసుకెళ్తే ఆదర్శ ఉష్ణ సామర్థ్యం సుమారు 58 శాతం నుంచి 60 శాతానికి పెరుగుతుంది. అంటే ఉన్నదాని మీద నాలుగు శాతం. ముప్పై ఏడు గుర్రాలకు గుర్రంన్నర. పుస్తకంలో ఉన్న ఈ లాభం కోసం లేత్ పని, గాస్కెట్, నాక్ (ఇంధనం అదుపు తప్పి కాలడం) భయం అన్నీ కొనుక్కోవాలి. క్యామ్ సంగతి ఇంకా తమాషా. ఎఫ్8బీ అత్యధిక టార్క్ 2,500 నుంచి 3,000 చుట్ల మధ్య వస్తుంది. ఊళ్లోనూ, ఎత్తు దారిలోనూ మనకు పనికొచ్చేది అదే. పందెం క్యామ్ ఆ టార్కును పైకి, అంటే ఎక్కువ చుట్లకు నెడుతుంది. అక్కడ బలం పెరిగిన మాట నిజం, కానీ ఘన్‌పూర్ బస్టాండు దగ్గర రెండో గేరులో కదిలేటప్పుడు అది ఇంట్లో ఉండదు.

తెరిచిన ఎయిర్ ఫిల్టరుది మరీ అన్యాయం. బానెట్ కింద బిగించిన ఆ శంఖం ఇంజన్ వేడి గాలినే పీలుస్తుంది. 30 డిగ్రీల గాలి బదులు 60 డిగ్రీల గాలి పీలిస్తే సాంద్రత దాదాపు 9 శాతం తగ్గుతుంది. వరి కోతల దుమ్ము, పత్తి నూగు సంగతి చెప్పనే లేదు. చప్పుడు మాత్రం బాగా వస్తుంది. చప్పుడును బలంగా వినడం మన చెవుల బలహీనత. సైలెన్సర్ మార్పిడిదీ అదే కథ, పైగా పోలీసుల కంట ముందు పడేది అదే.

ఇన్ని చెప్పినా ఈ పక్షాన్ని కొట్టిపారేయలేం. 16 వాల్వుల జెన్, ఎస్టీమ్, సిటీల హెడ్డులు బాగా ఊపిరి తీసుకుంటాయి, చిన్న మార్పులకు స్పందిస్తాయి. ఇంధన ఇంజెక్షన్ ఉన్న బండిలో కంప్యూటర్ మ్యాపు సరిచేసే పనివాడు దొరికితే ఫలితం కొలవగలం కూడా. ఈ వాదన బలహీనపడేది అది ఎక్కువగా అమలయ్యే చోట, అంటే కార్బొరేటర్ 800 దగ్గర.

మూడో పక్షం: ఇంజనే మార్చు

గుర్రంన్నర కోసం అంత కష్టం దేనికి, ఎస్టీమ్ ఇంజన్ ఎక్కిస్తే ఒక్క రోజులో 85 వస్తాయి కదా అంటుంది ఈ పక్షం. లెక్కలో దీన్ని కొట్టేవాళ్లు లేరు. 800 బరువు సుమారు 650 కిలోలు. 37 గుర్రాలతో టన్నుకు 57 పడతాయి. 65 కిలోల మనుషులు నలుగురు ఎక్కితే 41కి దిగుతుంది. అదే బండిలో 85 గుర్రాలుంటే నలుగురితో కూడా టన్నుకు 90 దాటుతుంది. జీ13 ఇంజన్‌ను జెన్‌లో, 800లో ఎక్కించిన బండ్లు దక్షిణాది ర్యాలీలకు కొత్త కాదు.

కానీ ఇంజన్ ఒంటరిగా రాదు. గేర్‌బాక్సు, డ్రైవ్ షాఫ్టులు, మౌంటింగులు, పెద్ద రేడియేటరు, వైరింగు, కంప్యూటర్ పెట్టె అన్నీ దానితో రావాలి. ముందు భాగం బరువెక్కుతుంది, స్ప్రింగులు మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు. బండి మోసే గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఆపాల్సిన శక్తితో పోలిస్తే 110 దగ్గర ఆపాల్సింది దాదాపు 1.9 రెట్లు. పన్నెండు అంగుళాల చక్రాల వెనక దాక్కున్న చిన్న బ్రేకులు ఈ లెక్క కోసం పుట్టలేదు. రహదారి మీద గేదె అడ్డం వచ్చినప్పుడు గుర్తొచ్చేది గుర్రాలు కాదు.

ఎక్కించే ఇంజన్ ఎక్కడిదన్నదీ ప్రశ్నే. కొత్త సామానుకు సికింద్రాబాద్ రాణిగంజ్ ఉంది. పాత ఇంజన్ కావాలంటే తుక్కు మార్కెట్లే దిక్కు. అక్కడ కొనేది ఇంజన్ మాత్రమే కాదు, దాని మీద చెక్కిన నంబరు కూడా. అది ఏ బండిదో, ఆ బండి ఎలా తుక్కయ్యిందో తెలిపే కాగితం లేకపోతే ఎంత మంచి ఇంజనైనా తలనొప్పే.

టర్బో పెట్టేద్దాం అనే ఉపశాఖ కూడా ఉంది. ఆల్టో వర్క్స్‌ను చూపిస్తారు. సుజుకి ఆ 64 గుర్రాల కోసం పిస్టన్ల నుంచి ఇంధనం దాకా అన్నీ కొత్తగా లెక్కగట్టింది. మామూలు ఎఫ్8బీ మీద కార్బొరేటర్ ఉంచి టర్బో తగిలించడం మొదటి బండితో చేయాల్సిన ప్రయోగం కాదు.

నాలుగో పక్షం: ఇంధనం మార్చు

ఇది బలం గురించిన వాదన కాదు, ఖర్చు గురించినది. గ్యాసు ఇంజన్‌లో గాలి చోటును కొంత ఆక్రమిస్తుంది కాబట్టి సీఎన్జీకి మారిన పెట్రోలు ఇంజన్ సుమారు పది శాతం బలం కోల్పోతుంది. 37లో పది శాతం పోతే మిగిలేదెంతో నలుగురిని ఎక్కించుకున్నవాడికి తెలుస్తుంది. డిక్కీలో సిలిండరు బరువు దాని మీద అదనం. అయినా రోజూ తిరిగే బండికి డబ్బు మిగులుతుంది, అదీ ఆమోదం పొందిన కిట్టు, రికార్డులో ఎక్కించిన మార్పు అయితేనే. వంటగ్యాసు బండతో ఓమ్నీ నడిపిన రోజులను గొప్పగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అది పొదుపు కాదు, కదిలే ప్రమాదం.

కరెంటు మోటారు విషయంలో హైదరాబాద్‌కు కాస్త చరిత్ర ఉంది. ఇక్కడి ఇ-ట్రియో సంస్థ పాత ఆల్టో వంటి కార్లను విద్యుత్ బండ్లుగా మార్చేందుకు 2019 ప్రాంతంలో వాహన పరీక్షా సంస్థ ఏఆర్ఏఐ ఆమోదం తెచ్చుకుంది. తర్వాత ఆ సంస్థ సరుకు రవాణా మూడు చక్రాల బండ్ల వైపు మళ్లింది. పాత కారు విలువ కన్నా బ్యాటరీ ధర ఎక్కువైనప్పుడు లెక్క ఎటు మొగ్గుతుందో ఆ మళ్లింపే చెబుతోంది.

ఆర్‌సీ ఏమంటుంది?

షెడ్డులో వాదన ఎంత సాగినా, ఆఖరి మాట ఆర్‌సీది. అందులో ఇంజన్ నంబరు, సీసీ, సిలిండర్ల సంఖ్య, ఇంధనం రాసి ఉంటాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలు తయారీదారు మొదట చెప్పినదానికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, ఈ మాటను గట్టిగా నిలబెట్టింది. మినహాయింపు బ్యాటరీ, సీఎన్జీ, ఎల్పీజీ వంటి వేరే ఇంధనానికి మారేందుకు బిగించే కిట్టుకు ఉంది, దానికీ షరతులున్నాయి. పాడైన ఇంజన్ స్థానంలో అదే రకం ఇంజన్ వేయించుకోవచ్చు, రవాణా శాఖ అనుమతితో. 2019 సవరణ తర్వాత 182ఏ సెక్షన్ కింద అనుమతిలేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

దీన్నిబట్టి మూడో పక్షం రహదారి మీద దాదాపు ఓడిపోయినట్టే. 796 సీసీ అని రాసిన ఆర్‌సీతో 1,298 సీసీ ఇంజన్ తిరిగితే పట్టుబడినా పడకపోయినా, ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట చూసేది ఆ తేడానే. మూసిన ట్రాకు మీద పందేనికి వాడే బండి వేరు. ఆ వేరు చెప్పకుండా సలహా ఇచ్చేవాళ్లే కొత్తవాళ్లను ఎక్కువగా ముంచుతున్నారు.

పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఉంటుంది. ఢిల్లీలోలాగ వయసు చూసి బండిని ఆపేసే ఆంక్ష తెలంగాణలో లేదు. కానీ రుసుము పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం కార్లకు 5,000 రూపాయలు చేసింది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేసింది. తనిఖీకి బండి నిలబడినప్పుడు ఇంజన్ నంబరు చూస్తారు, పొగ చూస్తారు. ఇంజన్ పని ప్రణాళిక ఈ తేదీ నుంచి వెనక్కి లెక్కించుకోవాలి. దీన్ని నేను ఏ షెడ్డు సలహాలోనూ మొదటి మాటగా వినలేదు.

ఈ20 తెచ్చిన కొత్త చిక్కు

పాత వాదనలన్నీ ఒకే రకం పెట్రోలును ఊహించుకుని సాగాయి. ఇప్పుడు పంపుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇది రెండు పక్షాలకు రెండు రకాలుగా తగిలింది.

సాదా పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. ఈ20కి లెక్క కడితే 13.5 దగ్గర తేలుతుంది. ఆక్సిజన్ సెన్సరున్న ఎంపీఎఫ్ఐ బండి ఈ తేడాను తానే సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. పాత జెట్టుతోనే నడిస్తే మిశ్రమం ఎనిమిది శాతం దాకా పలచబడుతుంది. పొద్దున స్టార్టింగులో ఇబ్బంది, యాక్సిలరేటర్ తొక్కితే వెనకాడటం, ఎండలో ఎక్కువ వేడి, ఇవన్నీ దాని లక్షణాలు. కాబట్టి కార్బొరేటర్ 800కు ఇప్పుడు చేయగల నిజమైన ‘అప్‌గ్రేడ్’ కొద్దిగా పెద్ద మెయిన్ జెట్టు, ఇథనాల్‌కు తట్టుకునే పెట్రోలు గొట్టాలు, కొత్త డయాఫ్రం. అంగడిలో పైసలు తక్కువ, చేతిలో పని తక్కువ, అందుకే ఎవరూ దాన్ని గొప్పగా చెప్పుకోరు.

మరోవైపు ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది. బీఎస్-6 పెట్రోలు కనీస ఆక్టేన్ 91 అయితే ఈ20 సుమారు 95 అని ప్రభుత్వం చెబుతోంది. అంటే కంప్రెషన్ పెంచుదామనే రెండో పక్షానికి నాక్ భయం కొంత తగ్గింది. ఇంధనమే ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చింది.

మైలేజీ మీద గొడవ మాత్రం చల్లారలేదు. ఈ20 కోసం తయారుకాని నాలుగు చక్రాల బండ్లలో 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంది. 2025లో ఫిర్యాదులు పెరిగినప్పుడు, ఆందోళన అనవసరమనీ, కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చనీ పెట్రోలియం శాఖ అంది. అదే ఏడాది సెప్టెంబరులో దీనిపై వచ్చిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఖర్చు, ఫలితం, చట్టం, రోజువారీ నడక అనే నాలుగు కొలతల మీద పెడితే మొదటి పక్షం అన్నిట్లో నిలబడుతుంది, ఒక్క ఉత్సాహం విషయంలో తప్ప. రెండో పక్షం కాగితాల పరంగా సగం నీడలో ఉంటుంది. సీసీ మారదు, ఇంజన్ నంబరు మారదు, కానీ పొగ, చప్పుడు పరిమితులు దాటితే నేరమే. బలం విషయంలో 16 వాల్వుల బండ్లకు కొంత న్యాయం చేస్తుంది, 800కు చేయదు. మూడో పక్షం బలంలో అందరినీ మించుతుంది, కాగితాల్లో అందరికన్నా కింద. నాలుగో పక్షం బలం అడగనివాళ్లకు.

మొదటిసారి ఇంజన్ పని ఆలోచిస్తున్నవాళ్లకు నా వరస ఇది. ముందు ఆర్‌సీ, పునరుద్ధరణ తేదీ చూసుకోవాలి. తర్వాత కంప్రెషన్ కొలిపించి అంకెలు కాగితం మీద రాయించుకోవాలి. ఆ అంకెలు బాగుంటే హెడ్డు విప్పనివ్వకూడదు. రేడియేటరు, కార్బొరేటరు, గొట్టాలు, బెల్టు సరిచేయించి, టైర్లు, బ్రేకులు కొత్తవి వేయించి మూడు నెలలు నడపాలి. చాలామందికి కోరిక అక్కడే తీరిపోతుంది. తీరకపోతే అప్పుడు రెండో పక్షం తలుపు తట్టొచ్చు, అదీ ఒక్కసారి ఒక్క మార్పుతో. ఐదు మార్పులు ఒకేసారి చేసి బండి బాగుపడినా, పాడైనా, ఏది చేసిందో ఎవరికీ తెలియదు.

తేలనివి

కొలత అన్నింటికన్నా పెద్ద లోటు. చక్రాల దగ్గర బలం కొలిచే డైనో యంత్రం జిల్లా షెడ్లలో ఉండదు. అందుకే ‘పికప్ పెరిగింది’ అన్న మాట రుజువు లేకుండానే చెల్లుబాటవుతోంది. ఘన్‌పూర్ నుంచి పాలకుర్తి దాకా ఒకే దారిలో, ఒకే బరువుతో, మూడో గేరులో 40 నుంచి 70కి ఎన్ని సెకన్లు పట్టిందో పనికి ముందు, తర్వాత ఫోనులో కొలుచుకుంటే డైనో లేని లోటు కొంత తీరుతుంది.

క్యామ్, హెడ్డు, ఫిల్టరు వంటి చిన్న మార్పులను 52వ సెక్షన్ ఎంతవరకు పట్టుకుంటుందన్నది కూడా తేటపడలేదు. ఆర్‌సీలో రాసిన వివరాలు మారనంతవరకు తప్పు లేదన్న వాదన ఉంది, తయారీదారు ఇచ్చిన రూపమే ప్రమాణమన్న వాదన ఉంది. ఒరిజినల్ సామాను దొరకడం తగ్గుతున్నకొద్దీ, లోకల్ రింగులు, బేరింగులతో ఎక్కిన ఇంజన్‌ను ‘అదే రకం’ అనాలా అన్న ప్రశ్న కూడా రాక తప్పదు. మారుతి 800 తయారీ ఆగి పదేళ్లు దాటింది. ఇంకో పునరుద్ధరణ గడువు వచ్చేసరికి ఏపీ 36 బండ్లకు గేజి మీద అంకె తక్కువ చూపితే, దాన్ని తిరిగి పైకి తేవడానికి మంచి రింగుల సెట్టు ఎక్కడ దొరుకుతుందన్నదే ముందు అడగాల్సిన మాట కావచ్చు.